1893 విక్టోరియా ప్రమాదం: తప్పు ఆజ్ఞ ఇచ్చిన ట్రయన్‌దా, పాటించిన మార్కమ్‌దా?

గౌతమీ తీరం

పై అధికారి ఆజ్ఞ తప్పని కళ్లెదుట కనిపిస్తుంటే కింది అధికారి ఏం చేయాలి? ఎన్నిసార్లు వాదించుకున్నా ఈ ప్రశ్న తేలదు. గాలి కబుర్లు పక్కనపెట్టి, నిజంగా జరిగిన ఒక సంఘటన మీద తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1893 జూన్ 22, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతం. చోటు ట్రిపోలీ తీరం. లిబియాలోది కాదు, లెబనాన్‌లోది. బ్రిటన్ మధ్యధరా నౌకాదళం ఆ ఉదయమే బీరూట్‌లో లంగరెత్తి అక్కడికి వచ్చింది. యుద్ధం లేదు, తుఫాను లేదు, పొగమంచు లేదు. పదకొండు యుద్ధనౌకలు రెండు వరుసల్లో నడుస్తున్నాయి. కుడి వరుసలో ఆరు. వాటి ముందు ‘విక్టోరియా’, దాని మీద దళాధిపతి వైస్ అడ్మిరల్ సర్ జార్జ్ ట్రయన్. ఎడమ వరుసలో ఐదు. వాటి ముందు ‘కేంపర్‌డౌన్’, దాని మీద రెండో అధికారి రియర్ అడ్మిరల్ ఆల్బర్ట్ మార్కమ్.

రెండు వరుసలూ ఒకదాని వైపు ఒకటి తిరుగుతూ పూర్తిగా వెనక్కి మళ్లాలని ట్రయన్ ఆజ్ఞ. వరుసల మధ్య దూరం ఆరు కేబుళ్లే (కేబుల్ అంటే సముద్రం మీద దూరానికి కొలత). అది చాలదని విక్టోరియాలో దారి చూసే అధికారి హాకిన్స్-స్మిత్ ముందే చెప్పాడు, కనీసం ఎనిమిదైనా ఉండాలన్నాడు. ట్రయన్ సరేనన్నాడు. కాసేపటికి మళ్లీ ఆరే అని కబురు. పొరపాటేమోనని హాకిన్స్-స్మిత్ తిరిగి అడిగించాడు. ఆరే ఉంచమన్నాడు. కేంపర్‌డౌన్ మీద మార్కమ్ ఆ ఆజ్ఞ చూసి ఇది అసాధ్యమన్నాడు, తటపటాయించాడు. దేనికోసం ఆగావని ట్రయన్ నుంచి సెమాఫోర్ (కదిలే చేతులతో పంపే సంకేతం) వచ్చింది. అంతే, మార్కమ్ తిరిగాడు. కొద్ది నిమిషాల్లో కేంపర్‌డౌన్ ముక్కు విక్టోరియా కుడి పక్కను చీల్చింది. పావుగంట గడవకముందే విక్టోరియా తిరగబడి మునిగిపోయింది. 358 మంది పోయారు, ట్రయన్ కూడా. 357 మంది బతికారు.

తప్పంతా తనదేనని ట్రయన్ చివరి నిమిషాల్లో పక్కనున్న హాకిన్స్-స్మిత్‌తో అన్నాడు. చరిత్ర కూడా చాలావరకు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నాకు అది చాలదు. అసాధ్యమని నోటితో అన్నవాడు, చేత్తో అదే ఆజ్ఞ అమలు చేయించాడు. మార్కమ్ సగం బాధ్యుడని నా వాదన. మీరేమంటారు?

పాత సరంగు

ముందు లెక్క చూడండి, తర్వాత నీతి మాట్లాడుకోవచ్చు.

కేబుల్ అంటే నాటికల్ మైలులో పదో వంతు, గుండుగుత్తగా 200 గజాలు. ఆరు కేబుళ్లంటే 1200. ఆ తరహా నౌక వెనక్కి మళ్లడానికి తీసుకునే వృత్తం వ్యాసం సుమారు 800 గజాలు. రెండూ లోపలి వైపే తిరుగుతున్నాయి కాబట్టి 800కు 800 కలిపితే 1600, అంటే ఎనిమిది కేబుళ్లు. హాకిన్స్-స్మిత్ చెప్పిన ఎనిమిది కూడా రెండు నౌకలూ ఒకదాన్నొకటి రాసుకునే దూరమే. తిరిగాక మధ్యలో 400 గజాల జాగా మిగలాలంటే పది కేబుళ్లు కావాలి. ట్రయన్ ఇచ్చింది ఆరు.

మిడ్‌షిప్‌మన్, అంటే శిక్షణలో ఉన్న కుర్ర అధికారి కూడా వేలి మీద లెక్క కట్టి చెప్పగలడు. నలభై ఐదేళ్లు సముద్రం మీద గడిపిన మనిషికి తట్టకపోవడమే నాకు నేటికీ మింగుడు పడదు. ఓడల మీద పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ సంఘటన గురించి మాకు శిక్షణలోనే చెప్పారు, కారణం మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

చరిత్ర మాస్టారు

సరంగు గారి చివరి వాక్యం దగ్గరే అసలు చిక్కు ఉంది. ట్రయన్‌ను మూర్ఖుడిగా తీసిపారేస్తే కథ సులువుగా ముగుస్తుంది, కానీ ఆయన జీవితం చూస్తే ఆ వాదన నిలబడదు.

1832 జనవరి 4న నార్తాంప్టన్‌షైర్‌లోని బుల్విక్ పార్కులో పుట్టాడు. ఈటన్‌లో చదివి 1848లో, తోటివారికంటే కాస్త ఆలస్యంగా నౌకాదళంలో చేరాడు. క్రిమియా యుద్ధంలో సెబాస్టొపోల్ ముట్టడి వేళ ఒడ్డున దిగి పోరాడిన నావికా బ్రిగేడులో ఉన్నాడు, గాయపడ్డాడు. 1861లో బ్రిటన్ తొలి ఇనుప కవచ యుద్ధనౌక ‘వారియర్’ సముద్రంలోకి వచ్చినప్పుడు దానికి కమాండర్‌గా, అంటే కెప్టెన్ తర్వాతి అధికారిగా, ఎంచి ఎంచి తీసుకున్నది ఈయననే.

అబిసీనియా (నేటి ఇథియోపియా) దండయాత్ర, 1867-68. బొంబాయి నుంచి బయల్దేరిన సైన్యం, ఏనుగులు, కంచరగాడిదలు, మందుగుండు, తాగునీరు, అన్నీ ఎర్రసముద్రం ఒడ్డున ఆన్స్‌లీ బే అనే ఎండకు మాడే తీరంలో దిగాయి. ఆ రవాణా ఓడల వ్యవహారమంతా చూసింది ట్రయన్. వందల ఓడల యజమానులు, సరుకు లెక్కలు, నీటి కరువు, కలగాపులగం. అక్కడ నెగ్గుకొచ్చినవాడికి 1600, 1200 తేడా తెలియదంటే నమ్మేదెలా?

తర్వాత బ్రిటన్ నౌకాదళాన్ని నడిపే శాఖ అడ్మిరాల్టీలో కార్యదర్శి. 1884లో ఆస్ట్రేలియా కేంద్రం అధిపతి. 1888 నౌకా విన్యాసాల్లో ‘శత్రు’ పక్షం నడిపి, దిగ్బంధాన్ని తప్పించుకుని వెళ్లి లివర్‌పూల్ రేవును పట్టుకున్నట్టు ప్రకటించాడు. లండన్ పత్రికల్లో అది పెద్ద దుమారం. 1891లో మధ్యధరా దళాధిపతి, అంటే బ్రిటన్ నౌకాదళంలో అందరి కళ్లూ ఉన్న పదవి. విన్యాసాల్లో ఆయనకు సాటి వచ్చేవాడు లేడని ఆయనంటే గిట్టనివారు కూడా ఒప్పుకున్నారు.

అయితే మనిషి భారీ విగ్రహం, పెద్ద గడ్డం, ఎదుటివాణ్ని మాటతో నొక్కేసే తత్వం. తన విన్యాసం వెనక ఉన్న ఉద్దేశాన్ని కెప్టెన్లకు ముందుగా చెప్పేవాడు కాదు. పరీక్షలో ప్రశ్న విసిరినట్టు విసిరేవాడు, ఎవరు ఎలా విప్పుతారో చూసేవాడు. ప్రమాదం బీజం అక్కడ పడిందని నా అభిప్రాయం.

సందేహాల సంచి

మాస్టారూ, మరి ఆయన మనసులో ఏముందో ఎవరైనా ఊహించారా? బతికి బయటపడినవాళ్లు చాలామంది ఉన్నారు కదా. ఇంకొకటి, మార్కమ్ ఎవరు? ఆయన గురించి ఎక్కడా పెద్దగా కనబడదు.

చరిత్ర మాస్టారు

మార్కమ్ అనామకుడు కాదు. 1875-76 ఆర్కిటిక్ యాత్రలో మంచు మీద స్లెడ్జీలు లాక్కుంటూ 83 డిగ్రీల 20 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లాడు. అప్పటికి మనిషి చేరిన అత్యంత ఉత్తరపు చోటు అదే. నేటి న్యూజీలాండ్ జెండా రూపకల్పన కూడా ఆయనదే, 1869 నాటిది. ప్రమాదం నాటికి వయసు 51. ధైర్యం లేనివాడని ఎవరూ అనలేరు. మంచులో చావును ఎదుర్కొనే ధైర్యం వేరు, పై అధికారికి ఎదురు చెప్పే ధైర్యం వేరు, అంతే.

ట్రయన్ మనసులో ఏముందన్నది సరంగు గారు చెబితే బాగుంటుంది.

పాత సరంగు

మూడు ఊహలు ప్రచారంలో ఉన్నాయి.

ఒకటి, తీసివేత. ఆరు కేబుళ్లలోంచి ఒక నౌక వృత్తం నాలుగు కేబుళ్లు తీసేస్తే రెండు మిగులుతాయి. తిరిగాక వరుసల మధ్య రెండు కేబుళ్లు, అంటే 400 గజాలు, చక్కని దూరం. కానీ తిరిగేవి రెండు వరుసలు కాబట్టి రెండు వృత్తాలు తీసేయాలి. ఆయన ఒకటే తీశాడు. లేదా వ్యాసానికి బదులు వ్యాసార్ధం తీసుకున్నాడు. రెండిట్లో ఏదైనా ఫలితం ఒకటే. వరుసలు పూర్తిగా వెనక్కి కాకుండా పక్కకు, అంటే పావు చుట్టే తిరిగే విన్యాసానికి ఆరు కేబుళ్లు సరిపోతాయి. ఆ అంకె ఈ విన్యాసానికి అంటుకుందనేవారూ ఉన్నారు.

రెండు, ఒక వరుస లోపలగా, మరో వరుస దాని బయటగా చుట్టి వెళ్లాలన్నది ఆయన ఆలోచన అని. ఆజ్ఞలో ‘దళం క్రమం చెడకుండా’ అనే మాట ఉంది. తిరిగాక కూడా కుడి వరుస కుడిగానే, ఎడమది ఎడమగానే ఉండాలంటే ఒకటి రెండోదాన్ని చుట్టి రావాల్సిందే. వినడానికి బాగుంటుంది. ట్రయన్ తన చుట్టూ బయటగా తిరుగుతాడేమోనని చివరి క్షణంలో తట్టిందని మార్కమ్ విచారణలో చెప్పింది కూడా ఇదే.

మూడు, ఒంట్లో బాగాలేక మెదడు మొద్దుబారిందని. దీని మీద నేనేమీ మాట్లాడను.

నా ఓటు మొదటిదానికి. కారణం, విక్టోరియా చుక్కాని మొదటి నుంచీ పూర్తిగా లోపలి వైపే తిప్పారు. బయటగా చుట్టాలనుకున్నవాడు అలా తిప్పడు.

న్యాయపక్షం

ఊహల సంగతి అలా ఉంచి, తీర్పు చూద్దాం. వృత్తిరీత్యా నాకు అదే అలవాటు.

కోర్టు మార్షల్, అంటే సైనిక విచారణ, 1893 జూలైలో మాల్టాలో, ‘హైబర్నియా’ అనే పాత నౌక మీద జరిగింది. ముద్దాయి స్థానంలో నిలబడింది మార్కమ్ కాదు, విక్టోరియా కెప్టెన్ మారిస్ బోర్క్, ఆయనతో పాటు బతికిన సిబ్బంది. నౌక మునిగితే దాని కెప్టెన్‌ను విచారించడం వారి సంప్రదాయం. అధ్యక్షత వహించింది ట్రయన్ స్థానంలో వచ్చిన అడ్మిరల్ సర్ మైఖేల్ కల్మ్-సీమోర్. బోర్క్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఢీకొనడానికి కారణం ట్రయన్ ఆజ్ఞేనని తేల్చారు.

ఇక మార్కమ్ విషయంలో తీర్పు సారం చెబుతాను. తన సందేహాన్ని దళాధిపతికి సెమాఫోర్ ద్వారా తెలపాలన్న తొలి ఉద్దేశాన్ని ఆయన అమలు చేయకపోవడం ఎంతో విచారకరం. అయినా దళాధిపతి స్వయంగా అక్కడుండి ఇచ్చిన ఆజ్ఞను పాటించినందుకు ఆయనను నిందిస్తే నౌకాదళ ప్రయోజనాలకే ముప్పు.

ఇది పిరికి తీర్పని చాలామంది అంటారు. నేనలా అనను. ఒక దళంలో పదకొండు నౌకలు, పదకొండు మంది కెప్టెన్లు. ప్రతి ఆజ్ఞనూ ఎవరికి వారు లెక్కకట్టి, నచ్చితే పాటిస్తే, ఆ దళం యుద్ధంలో గంట నిలవదు. ఒక్క మార్కమ్‌ను శిక్షించడానికి ఆ సూత్రాన్నే వదులుకోవాలా? కోర్టు వదులుకోలేదు. సరైన పనే చేసింది.

గౌతమీ తీరం

న్యాయపక్షం గారూ, ఆ సూత్రాన్ని ట్రయనే ముందు వదులుకున్నాడని మరిచిపోయారు.

ఆయన తన దళానికి ఇచ్చిన ఉత్తర్వుల్లో స్పష్టంగా చెప్పాడు. ఏ ఆజ్ఞనైనా అక్షరాలా పాటిస్తే స్నేహనౌకతో ఢీకొనే పరిస్థితి వస్తుందనుకోండి, ముందు ఆ ప్రమాదం తప్పించాలి, వీలైతే ఆజ్ఞ ఉద్దేశాన్ని మరో దారిలో నెరవేర్చాలి. అంటే మార్కమ్ చేతిలో పై అధికారి రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి ఉంది! ఆజ్ఞను ఉల్లంఘించడానికే ఆజ్ఞ ఉంది. పాటించాల్సింది ఆ మధ్యాహ్నపు జెండాలనా, ముందే అందిన ఆ ఉత్తర్వునా?

ఇంకొకటి. యుద్ధం ముదిరితే తాళ్లు తెగుతాయి, పొగలో జెండాలు కనబడవు, కాబట్టి కెప్టెన్లు సంకేతాల కోసం ఎదురుచూడకుండా ముందున్న నౌక కదలికను చూసి తమంతట తాము నడవాలన్నది ట్రయన్ సిద్ధాంతం. టీ, ఏ అనే రెండు అక్షరాల జెండాలు ఎగరేస్తే, ఇక జెండాలుండవు, నన్ను చూసి నడవండి అని అర్థం. పాతకాలపు అధికారులు ఆయన్ను విమర్శించిందే ఇందుకు. అంటే కెప్టెన్లు సొంత బుర్ర వాడాలని జీవితమంతా చెప్పిన మనిషి, సొంత బుర్ర వాడని సహచరుడి వల్ల పోయాడు.

చరిత్ర మాస్టారు

గౌతమీ తీరం గారూ, కాగితం మీద ‘ఎదురు చెప్పొచ్చు’ అని రాసి, ఎదురు చెప్పబోయినవాణ్ని దళమంతా చూస్తుండగా ‘దేనికోసం ఆగావు’ అని అడిగితే, కింది వాడు దేన్ని నమ్ముతాడు? మన ఆఫీసుల్లో చూడండి. తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, ఏ సందేహమున్నా రండి అంటాడు పై అధికారి. ఫైలు మీద ‘చర్చించగలరు’ అని రాసి పంపినవాడికి మాత్రం మర్నాడే ఫోను, ఇంకా ఆపావేమిటని. ఆ ఫోను ఎత్తినవాడు సంతకం పెట్టకుండా ఉండగలడా? మార్కమ్ జెండాను సగం ఎత్తులో ఆపడం అచ్చంగా ఆ ‘చర్చించగలరు’ లాంటిదే.

సందేహాల సంచి

జెండా సగం ఎత్తులో ఆపడమంటే ఏమిటో కాస్త చెప్పరూ? ఈ మాట చాలాచోట్ల చూశాను, పద్ధతి అర్థం కాలేదు.

పాత సరంగు

దళాధిపతి నౌక ఆజ్ఞను జెండాలుగా కొయ్య మీదికి ఎగరేస్తుంది. మిగతా నౌకలన్నీ అవే జెండాలు ఎత్తి బదులివ్వాలి. కొయ్య మధ్యలో ఆపితే ‘చూశాను, ఇంకా అర్థం కాలేదు’ అని. కొసదాకా ఎత్తితే ‘అర్థమైంది, సిద్ధం’ అని. అందరివీ కొసకు చేరాక దళాధిపతి తన జెండాలు ఒక్కసారిగా దించుతాడు. దించిన క్షణమే అమలు క్షణం.

ఆ రోజు రెండు వరుసలకూ రెండు విడి ఆజ్ఞలు. రెండో వరుసకు, అంటే మార్కమ్‌కు, పదహారు పాయింట్లు కుడికి. మొదటి వరుసకు పదహారు పాయింట్లు ఎడమకు. పదహారు పాయింట్లంటే 180 డిగ్రీలు. మార్కమ్ జెండా మధ్యలోనే ఆగిపోయింది. అంటే దళం మొత్తం ఆగిపోయింది. నేలకు ఎదురుగా వెళ్తున్నారు, లంగరు వేసే చోటు దాటిపోతోంది, ప్రతి నిమిషం ఆలస్యమే. విక్టోరియా మీదున్నవాళ్లకు కేంపర్‌డౌన్ వెనకబడినట్టు కనబడుతుంది. అప్పుడే సెమాఫోర్ చేతులు కదిలాయి. ఆజ్ఞ తాను అనుకున్నట్టేనా అని అడగమని మార్కమ్ అప్పటికే తన మనిషికి చెప్పాడు. ఆ ప్రశ్న పంపేలోపే ట్రయన్ ప్రశ్న వచ్చేసింది. జెండా కొసకు ఎక్కింది.

జెండాలు దిగి నౌకలు తిరగడం మొదలయ్యాక దాదాపు మూడు నిమిషాలు. ఇక్కడ అసలు తప్పులు మొదలయ్యాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు.

విక్టోరియా మీద కెప్టెన్ బోర్క్ ట్రయన్ పక్కనే నిలబడ్డాడు. దగ్గరైపోతున్నాం, ఏదో ఒకటి చేయాలి అన్నాడు. జవాబు లేదు. ఎడమ ఇంజన్ వెనక్కి తిప్పడానికి అనుమతి అడిగాడు. మళ్లీ అడిగాడు. ట్రయన్ వెనక వస్తున్న నౌక వైపు చూస్తూ ఉండిపోయి, చివరికి ఊఁ అన్నాడు. అప్పటికి ఆ ఊఁ వల్ల ఒరిగేదేమీ లేదు.

కేంపర్‌డౌన్ సంగతి చూడండి. చుక్కాని పూర్తిగా తిప్పలేదు, 28 డిగ్రీల దగ్గరే ఆపారు. పూర్తిగా తిప్పి ఉంటే వృత్తం చిన్నదయ్యేది. కెప్టెన్ జాన్‌స్టన్ ఇంజన్లు వెనక్కి తిప్పమన్నది ఆలస్యంగా, అది కూడా పూర్తి వేగంతో కాదు. అసాధ్యమని ముందే అనుకున్నవాడు ఇంజన్ రూములో మనుషుల్ని సిద్ధంగా ఉంచడా? ఆజ్ఞను ధిక్కరించడమా మానడమా అన్న పెద్ద ధర్మసంకటం పక్కన పెట్టండి. తిరుగుతూనే జాగ్రత్త పడొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గౌతమీ తీరం గారు మార్కమ్‌ను తిట్టదలిస్తే దీనికి తిట్టండి.

కొండవాలు

అందరూ ఇద్దరు అడ్మిరల్స్ చుట్టూనే తిరుగుతున్నారు. నౌక ఎందుకంత త్వరగా మునిగింది? ఇంజినీరుగా నాకు అది పెద్ద ప్రశ్న.

కేంపర్‌డౌన్ ముక్కు నీటి మట్టానికి దిగువన ఉక్కు కొమ్ములా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. 1866లో లిస్సా యుద్ధంలో ఆస్ట్రియా నౌక ఇటలీ నౌకను అలా పొడిచి ముంచింది. అప్పటి నుంచి ప్రపంచంలో పెద్ద యుద్ధనౌకలకు ఈ కొమ్ము తగిలించడం మొదలుపెట్టారు. శత్రువుల్ని ముంచింది తక్కువ, సొంత నౌకల్ని ముంచింది ఎక్కువ. 1875లో ఐర్లండ్ దగ్గర పొగమంచులో ‘ఐరన్ డ్యూక్’ కూడా ఇలాగే తన జంటనౌక ‘వాన్‌గార్డ్’ను ముంచింది. అప్పుడు ప్రాణనష్టం లేదు కాబట్టి బుద్ధి రాలేదు.

విక్టోరియా ఆ కాలానికి కొత్త నౌక, 1887లో నీళ్లలోకి దింపారు. ముందు భాగంలో 110 టన్నుల ఫిరంగులు రెండు. వాటి బరువుకు ముందు డెక్ నీటికి బాగా దగ్గరగా ఉండేది. జూన్ నెల, మధ్యధరా ఎండ. గాలి కోసం తలుపులు, హాచ్‌లు, ఫిరంగి కిటికీలు తెరిచి ఉంచారు. కేంపర్‌డౌన్ తగిలిన చోటు నుంచి నీరు ముందు భాగాన్ని నింపింది, ముక్కు కుంగింది, కుంగిన డెక్ మీది నుంచి తెరిచిన కిటికీల్లోకి సముద్రం నడిచి వచ్చింది. తలుపులూ కిటికీలూ మూసి ఉంటే నౌక తేలుతూనే ఉండేదని నౌకా నిర్మాణాధిపతి విలియం వైట్ తర్వాత నివేదిక ఇచ్చాడు. అలాంటప్పుడు 358 మంది చావును ఆరు కేబుళ్ల మీదే వేయడం న్యాయమా?

న్యాయపక్షం

కొండవాలు గారు మంచి కోణం తెచ్చారు, కానీ అక్కడ కూడా ట్రయన్ చేయి ఉంది. ఢీకొన్నాక నౌక మునగదనే ఆయన నమ్మాడు. ఐదారు మైళ్ల దూరంలోని తీరానికి నడిపి ఇసుకలో ఎక్కిద్దామని చూశాడు. మిగతా నౌకలు పడవలు దింపుతుంటే వద్దని సంకేతం ఇచ్చాడు. ఆ పడవలు ముందే వచ్చి ఉంటే ఎంతమంది దక్కేవారో! నౌకలో వందలమంది డెక్ మీద వరుసలు కట్టి, దూకమనే ఆజ్ఞ కోసం కదలకుండా నిలబడ్డారు. ఇంజన్ రూము వాళ్లు కింద తమ చోట్లోనే ఉండిపోయారు. నౌక తిరగబడ్డాక కూడా వెనక చక్రాలు (ప్రొపెల్లర్లు) తిరుగుతూనే ఉన్నాయి, నీళ్లలో ఉన్నవాళ్లను అవీ చంపాయి.

మరి చెప్పండి గౌతమీ తీరం గారూ, ఇంజన్ రూములో ఆఖరి దాకా నిలబడిన ఆ స్టోకర్లు (బొగ్గు వేసేవారు) కూడా ఆజ్ఞను పాటించినవారే. వారిని మెచ్చుకుంటూ మార్కమ్‌ను తిడతామా?

గౌతమీ తీరం

తిడతాం. స్టోకరుకు పైన ఏం జరుగుతోందో తెలియదు. మార్కమ్‌కు తెలుసు. తెలిసినవాడి విధేయత, తెలియనివాడి విధేయత ఒకే తూకం తూగవు.

పైగా మీరు తీర్పు దగ్గర ఆపారు. ఆ తర్వాత అడ్మిరాల్టీ ఏం రాసిందో చెప్పలేదు. ట్రయన్ బయటగా చుట్టి వస్తాడనుకున్నానన్న మార్కమ్ సంజాయిషీకి ఆధారం లేదని వాళ్లే అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయనకు సముద్రం మీద పెద్ద బాధ్యత ఇవ్వలేదు. 1901లో నోర్ కమాండ్ ఇచ్చారు, అది ఒడ్డున ఉండే పదవి. నోటితో నిర్దోషి అన్నారు, చేతలతో నమ్మకం లేదన్నారు.

నదీముఖం

చర్చకు అడ్డొస్తే క్షమించండి. ఆ సాయంత్రం లండన్‌లో ట్రయన్ ఇంట్లో విందు జరుగుతుంటే ఆయన మెట్లు దిగి వస్తూ అతిథులకు కనబడ్డాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

చరిత్ర మాస్టారు

కథ బాగా ప్రచారంలో ఉంది. నాటి సాక్ష్యం అనదగ్గది ఏదీ నా కంట పడలేదు. దయ్యాలకు వేరే చర్చ పెట్టుకుందాం.

దీనికంటే వింతైన నిజం ఒకటి చెబుతాను. ఆ రోజు విక్టోరియా లోపల జ్వరంతో మంచాన పడి ఉన్న ఒక కమాండర్ లేచి వచ్చి, నీళ్లలో పడి, ఒక మిడ్‌షిప్‌మన్ సాయంతో బతికాడు. పేరు జాన్ జెల్లికో. 1916లో జర్మనీతో జరిగిన జట్లాండ్ నౌకాయుద్ధంలో బ్రిటన్ మహానౌకాదళాన్ని నడిపింది ఆయనే. కెప్టెన్లకు సొంత నిర్ణయం అప్పగించాలన్న ట్రయన్ సిద్ధాంతానికి పూర్తిగా ఎదురు పద్ధతి ఆయనది. లావుపాటి ఉత్తర్వుల పుస్తకాలు, ప్రతి కదలికకూ పై నుంచి సంకేతం. ట్రయన్‌తో పాటే ఆయన సిద్ధాంతమూ మునిగిందని కొందరు చరిత్రకారుల మాట. నిజానికి ఆ రోజు ఎగిరింది టీ, ఏ జెండాలు కావు. పాత పద్ధతి ప్రకారం అక్షరం అక్షరం జెండాలతో ఇచ్చిన ఆజ్ఞ, అక్షరాలా పాటించిన ఆజ్ఞ. మునిగింది పాత పద్ధతి, శిక్ష పడింది కొత్త పద్ధతికి. నాకు మార్కమ్ తప్పుకంటే ఈ అన్యాయమే పెద్దదిగా కనిపిస్తుంది.

కొండవాలు

మాస్టారి మాటకు ఒక అనుబంధం. 2004లో గజ ఈతగాళ్లు విక్టోరియాను కనుక్కున్నారు. సుమారు 140 మీటర్ల లోతులో, ముక్కు బురదలో దిగబడి, తోక పైకి లేచి, నిట్టనిలువుగా ఉంది. ముందు భాగంలోని ఫిరంగుల బరువు, అప్పటికింకా తిరుగుతున్న చక్రాలు కలిసి దాన్ని బాణంలా అడుక్కు దించాయంటారు. నేను చెప్పిన బరువు లెక్కకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

న్యాయపక్షం

గౌతమీ తీరం గారికి చివరిగా ఒక ప్రశ్న. మార్కమ్ ఆ రోజు తిరగలేదనుకోండి. జెండా మధ్యలోనే ఉంచాడు, దళం లంగరు చోటు దాటిపోయింది, విన్యాసం చెడింది. ట్రయన్ మండిపడి విచారణకు నిలబెట్టాడు. అక్కడ మార్కమ్ ఏమని వాదించాలి? ‘ఢీకొనేవాళ్లం’ అనా? ఢీకొనలేదు కదా! తాను బయటగా చుట్టి రావాలనుకున్నానని ట్రయన్ ఒక్క మాట అంటే చాలు, మార్కమ్ జీవితం అక్కడితో సరి. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. ఆ మెట్టు మీద నిలబడి ఆలోచిస్తే ఆయన తడబాటు నాకు అర్థమవుతుంది.

గౌతమీ తీరం

అర్థం కావడం వేరు, క్షమించడం వేరు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, వందల ప్రాణాలు ఒక పక్క. ఆయన దేన్ని తూచాడో మనకు తెలుసు.

పాత సరంగు

ఇద్దరూ ధిక్కారమా విధేయతా అన్న రెండు దారులే చూస్తున్నారు. మూడోది ఉంది. జెండా కొసకు ఎత్తేముందు సెమాఫోర్‌లో ఒక్క వరుస: ‘దూరం ఆరు కేబుళ్లే, అలాగే తిరగమంటారా?’ నిమిషం పట్టదు. ధిక్కారం కాదు, ఆలస్యమూ కాదు. ట్రయన్ ప్రశ్నకు అది జవాబు కూడా. దేనికోసం ఆగావని అడిగాడు కదా, అడిగినదానికి చెప్పడం తప్పెలా అవుతుంది? దళమంతా చదివేలా ఆ అంకె గాల్లో నిలబడితే, హాకిన్స్-స్మిత్ రెండుసార్లు చెప్పినా ఎక్కనిది మూడోసారి ఎక్కి ఉండేదేమో. మార్కమ్ ఆ ప్రశ్నకు జవాబివ్వకుండా చుక్కాని తిప్పమన్నాడు. నా లెక్కలో ఆయన తప్పు అదొక్కటే, చుక్కాని 28 డిగ్రీల దగ్గర ఆపడం రెండోది.

న్యాయపక్షం

ఆ మొదటిదాన్నే కోర్టు ‘ఎంతో విచారకరం’ అంది సరంగు గారూ. మీరు తప్పంటున్నారు. ఆ రెండు మాటల మధ్య తేడా ఎంతో గౌతమీ తీరం గారినే కొలవమనండి, ఆరు కేబుళ్లుంటుందో, ఎనిమిదో.